ముక్క పరీక్ష తర్వాత వారం రోజులు

(బిట్రగుంటలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద ఏదైనా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పుల గురించి మనం ఏటా వింటూనే ఉన్నాం. ఈసారి మన సమావేశాల్లో ఎవరూ ఎత్తని విషయం ఒకటి తీసుకున్నాను. నోట్లో మానని పుండు గానీ, తెల్లమచ్చ గానీ కనిపిస్తే డాక్టరుగారు అందులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దాన్ని బయాప్సీ అంటారు. మనవాళ్ళు ముక్క పరీక్ష అంటారు. ఆ ముక్క తీయించుకుని ఇంటికి వచ్చాక నొప్పినీ, ఇబ్బందినీ ఎలా దాటాలి అన్నదే నేను చెప్పబోయేది.

నేను డాక్టరును కాను. రైల్వే హెల్త్ యూనిట్‌లో ఫార్మసిస్టుగా చేసి రిటైరైన వాణ్ణి. డాక్టరుగారు రెండు నిమిషాల్లో చెప్పి పంపిన దాన్ని కిటికీ దగ్గర పది నిమిషాలు విడమర్చి చెప్పడం నాకు అలవాటు. ఈరోజు చేసేదీ ఆ పనే.

ఇంత చిన్న సంగతికి ప్రసంగం ఎందుకని మీకు అనిపించవచ్చు. నాకు తెలిసిన ఇద్దరి సంగతి చెబుతాను. పేర్లు అక్కర్లేదు. ఒకాయన లోకో షెడ్డులో ఫిట్టరు. నాలుక పక్కన పుండు లేచింది. ముక్క తీస్తే నెల రోజులు అన్నం ఉండదని ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఎనిమిది నెలలు వాయిదా వేశాడు. రెండో ఆయన యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసినవాడు. ధైర్యంగా వెళ్ళి ముక్క ఇచ్చి వచ్చాడు. అయిదో రోజుకు నొప్పి పోయింది. నొప్పే లేనప్పుడు ఇంకేముందిలే అని రిపోర్టు కోసం వెళ్ళలేదు. మూడు నెలలు ఆ కాగితం అక్కడే పడి ఉంది. మొదటాయన్ని నొప్పి భయం ఆపింది, రెండో ఆయన్ని నొప్పి తగ్గడం ఆపింది. ఇద్దరికీ చివరకు వైద్యం జరిగింది. అయితే చిన్న ఆపరేషనుతో పోవలసినది పెద్ద ఆపరేషను దాకా వెళ్ళింది.

మనకే ఎందుకు ఈ మాట

మనం పొగాకు పండే నేల మీద ఉన్నాం. కలిగిరిలో, డి.సి. పల్లిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. పైగా మన ఉద్యోగాలు రాత్రి డ్యూటీల ఉద్యోగాలు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో ఫైర్‌బాక్సు ముందు నిలబడ్డ వాళ్ళకు దవడలో ఖైనీ ఉంటేనే రాత్రి గడిచేది. యార్డులో బీడీ, రన్నింగ్ రూములో చుట్ట, ఇంట్లో ఆడవాళ్ళకు ఆకు, వక్క, పొగాకు కాడ. ఉద్యోగం అయిపోయింది గానీ అలవాటు రిటైరు కాలేదు. మన దేశంలో ఏటా లక్షమందికి పైగా కొత్తగా నోటి క్యాన్సర్ బారిన పడుతున్నారు. తొలి దశలో పట్టుకుంటే ఎక్కువమంది బాగుపడే జబ్బు ఇది. తొలి దశలో పట్టుకునే సాధనం ఈ ముక్క పరీక్షే.

తెలుగు నేలకు ఈ పరీక్షతో పాత సంబంధం కూడా ఉంది. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగడం, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం, మీకు తెలిసే ఉంటుంది. 1960 దశకంలో దంత పరిశోధకులు దేశంలో అయిదు జిల్లాలు ఎంచుకుని 50,915 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించారు. ఆ అయిదింటిలో మన శ్రీకాకుళం ఒకటి. అవసరమైన చోట ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూశారు. ఆ ఫలితాలు 1969లో అచ్చయ్యాయి. తర్వాత శ్రీకాకుళంతో కలిపి మూడు జిల్లాల్లో 36 వేలమంది పొగాకు వాడకందార్లకు మానమని నచ్చజెప్పి, ఏళ్ళ తరబడి వెంట ఉండి చూశారు. మానినవాళ్ళలో తెల్లమచ్చలు తగ్గాయని 1986లో ప్రకటించారు. చదువురాని పల్లె జనం ఆనాడే ముక్క ఇచ్చారు. పాసులు, కార్డులు అన్నీ ఉన్న మనం భయపడితే ఎలా?

కత్తి పెడితే పాకుతుందా

బయాప్సీ అన్న మాటను 1879లో ఎర్నెస్ట్ బెనియే అనే ఫ్రెంచి చర్మవైద్యుడు పెట్టాడు. ప్రాణమున్న దాన్ని చూడటం అని దాని అర్థం. తీసే ముక్క చాలాసార్లు కందిగింజంత, మహా అయితే శనగగింజంత. ముందు లిగ్నోకైన్ అనే మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది, తర్వాత తెలియదు.

కత్తి పెడితే జబ్బు పాకుతుందని మన ఊళ్ళలో గట్టి నమ్మకం. నోటి పుండులో ముక్క తీయడం వల్ల జబ్బు ముదురుతుందనడానికి ఆధారం లేదు. పాకే గుణం జబ్బుకే ఉంది, దానికి మనం ఇచ్చే వ్యవధి తోడవుతుంది. ముక్క రిపోర్టు లేకుండా ఏ క్యాన్సర్ డాక్టరూ వైద్యం మొదలుపెట్టడు.

వెళ్ళే ముందు రెండు సంగతులు. ఒకటి, గుండెకు స్టెంటు వేయించుకున్నవాళ్ళు, పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళు రక్తం పలచబడే మందులు వాడుతుంటారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి. ఆ చీటీ తప్పక చూపించండి. వాటిని మీ అంతట మీరు మానకండి. రెండోది షుగరు. ఆ రోజు బిళ్ళ ఎప్పుడు వేసుకోవాలి, ఇన్సులిన్ ఎంత తీసుకోవాలి అని ముందే అడగండి. బిళ్ళ వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. చెమట, వణుకు వస్తే అది ముక్క తీసిన నొప్పి వల్ల అనుకుని పడుకోవద్దు, చక్కెర నీళ్ళు తాగాలి.

మొదటి రోజు

మత్తు రెండు మూడు గంటలుంటుంది, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. పెదవి, నాలుక మొద్దుబారి ఉంటాయి. ఆ సమయంలో నమిలితే మన బుగ్గ మనమే కొరుక్కుంటాం. వేడి కాఫీ తాగితే కాలిందని కూడా తెలియదు. కాబట్టి మత్తు దిగేదాకా నమిలేవీ, వేడివీ వద్దు.

నొప్పి బిళ్ళ విషయంలో చాలామంది నొప్పి వచ్చాక చూద్దాం అంటారు. మత్తు పూర్తిగా దిగకముందే మొదటి బిళ్ళ వేసుకుంటే, మత్తు పోయే వేళకు మందు పనిలోకి దిగుతుంది. డ్యూటీ మారేటప్పుడు రిలీవర్ వచ్చాకే కదా మనం దిగేది, అలాగన్నమాట.

రక్తం గురించి. ఉమ్ములో ఆ రోజంతా, మర్నాడు కూడా కొంచెం ఎరుపు కనిపించడం మామూలే. ఒక చుక్క రక్తం గుక్కెడు ఉమ్మును ఎర్రగా చేస్తుంది, అది చూసి హడలిపోకండి. కారుతున్నట్లుంటే శుభ్రమైన గాజు గుడ్డ తడిపి, మడిచి, పుండు మీద పెట్టి 20 నుంచి 30 నిమిషాలు గట్టిగా అదిమి పట్టండి. మధ్యలో తీసి ఆగిందా లేదా అని చూడకూడదు. తీసి చూసిన ప్రతిసారీ కట్టిన రక్తపు గడ్డ ఊడి మళ్ళీ మొదటికొస్తుంది. కూర్చునే ఉండండి, తల ఎత్తుగా ఉండాలి.

మొదటి 24 గంటలు పుక్కిలించవద్దు. మాటిమాటికీ ఉమ్మవద్దు. కొబ్బరి బొండాం తాగినా స్ట్రా పెట్టకుండా గ్లాసులో పోసుకుని తాగండి. లాగి పీల్చినా, గట్టిగా ఊసినా గడ్డ కదులుతుంది. బుగ్గ వైపు తీసి ఉంటే బయటి నుంచి ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీసి, ఇలా కొన్నిసార్లు చేస్తే వాపూ తగ్గుతుంది, నొప్పీ తగ్గుతుంది. రాత్రి రెండు దిండ్లు పెట్టుకుని పడుకోండి. ఆ రోజు, మర్నాడు బరువులెత్తడం, వంగి చేసే పని వద్దు.

రెండో రోజు నుంచి వారం దాకా

ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీ స్పూను ఉప్పు. తిన్న ప్రతిసారీ, రోజుకు నాలుగైదు మార్లు. గడగడలాడించకుండా నోట్లో పోసుకుని తల అటూ ఇటూ వంచి, నీళ్ళు వాటంతట అవే జారిపోయేలా వదిలేయాలి. డాక్టరుగారు క్లోర్‌హెక్సిడిన్ మందునీళ్ళు రాస్తే రెండు పూటలా, పళ్ళు తోముకున్నాక అరగంట ఆగి వాడండి. దానివల్ల పళ్ళు కాస్త గోధుమ రంగుకు తిరగవచ్చు, రుచి కొన్నాళ్ళు మారవచ్చు. ఆ రంగు దంతవైద్యుడు శుభ్రం చేస్తే పోతుంది. సారా కలిసిన ఘాటు మౌత్‌వాష్‌లు మంట పెడతాయి, వద్దు. పళ్ళు తోమడం మానకండి, పుండు వైపు మాత్రం మెత్తని బ్రష్‌తో జాగ్రత్తగా తోమండి.

మూడో రోజు అద్దంలో చూసుకుంటే పుండు మీద తెల్లగా, కొంచెం పసుపుగా పొర కనిపిస్తుంది. చీము పట్టిందని ఇంట్లో అందరూ కంగారు పడేది ఇక్కడే. మోకాలు గీసుకుంటే పైన చెక్కు కడుతుంది కదా, నోట్లో తడి ఉంటుంది కాబట్టి అదే చెక్కు తెల్లగా మెత్తగా ఉంటుంది. గోకి తీయకూడదు.

ముక్క ఎక్కడ తీశారన్న దాన్ని బట్టి ఇబ్బంది మారుతుంది. బుగ్గ లోపల అయితే త్వరగా మానుతుంది. నాలుక మీద అయితే రెండు మూడు రోజులు మాట ముద్దగా వస్తుంది, మింగేటప్పుడు లాగుతుంది. దగ్గర పలకో, చిన్న పుస్తకమో పెట్టుకుని అవసరమైనది రాసి చూపించండి. అంగిలి మీద అయితే చాలాసార్లు కుట్లు వేయడానికి వీలుండదు, పుండును అలాగే వదిలేస్తారు. మంట ఎక్కువ, మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అది ముందే తెలిస్తే పదో రోజున ఇంకా మానలేదేమిటని దిగులుండదు. కట్టుడు పళ్ళ సెట్టు పుండుకు తగిలేట్లుంటే డాక్టరు చెప్పేదాకా పెట్టుకోవద్దు.

కుట్లు వేస్తే అవి కరిగేవా, తీయవలసినవా అని అక్కడే అడిగి తెలుసుకోండి. పట్టుదారం కుట్లయితే దాదాపు వారానికి వెళ్ళి తీయించుకోవాలి. నాలుకతో వాటిని తడుముతూ ఉండటం మన చేతిలో లేని అలవాటు, అయినా ఆపుకోండి.

తిండి

ఆడవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే, ఏం పెట్టాలి అని. చల్లగా, మెత్తగా, చప్పగా. ఈ మూడు గుర్తుంటే చాలు. మెత్తగా పిసికిన పెరుగన్నం, చల్లార్చిన రాగి జావ, పలచని మజ్జిగ, పాలలో నానబెట్టిన ఇడ్లీ, ముద్దపప్పు అన్నంలో కాస్త నెయ్యి, మెత్తని అరటిపండు, ఉడికించిన గుడ్డు మెదిపి. షుగరు లేనివాళ్ళు ఐస్‌క్రీం తినవచ్చు, నొప్పికి అదీ ఒక మందే. ముద్ద చిన్నది చేసి రెండో వైపు నమలాలి. నొప్పని కడుపు మాడ్చుకుంటే పుండు మానేది ఆలస్యమవుతుంది. నీళ్ళు తగ్గించకండి, నోరెండితే మంట పెరుగుతుంది.

వద్దనేవి చెబితే నెల్లూరు జిల్లా వాడికి శిక్షే. ఊరగాయ, గొడ్డుకారం, చింతపండు పులుసు, నిమ్మకాయ, వేడి వేడి చారు, చేగోడీలు, మురుకులు వారం పాటు పక్కన పెట్టాలి. జువ్వలదిన్నె నుంచి మంచి చేప వచ్చినా సరే, పులుసు వారం ఆగాలి. కారం మంట ఒకటి, ముల్లు గుచ్చుకునే ప్రమాదం ఇంకొకటి.

బిళ్ళల లెక్క

ఈ నొప్పికి చాలావరకు పారాసిటమాల్ సరిపోతుంది. 500 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి, నొప్పి ఎక్కువైతే రెండు, ఆరు గంటల ఎడంతో. మన వయసువాళ్ళు రోజుకు మొత్తం 3 గ్రాములు, అంటే 500 బిళ్ళలు ఆరు, దాటకుండా ఉండటం మంచిది. కాలేయం జబ్బున్నవాళ్ళు, రోజూ మందు తాగే అలవాటున్నవాళ్ళు, బాగా బక్కచిక్కినవాళ్ళు ఎంత వేసుకోవాలో డాక్టర్ని అడగాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. డోలో 650లో ఉన్నదీ పారాసిటమాలే. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్‌తో పాటు పారాసిటమాల్ కూడా ఉంది. జలుబు బిళ్ళల్లో చాలావాటిలో అదే. పేర్లు వేరు కదా అని మూడూ వేసుకుంటే ఒకే మందు మూడింతలు పడుతుంది. అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి, కళ్ళు ఆనకపోతే మనవడితో చదివించండి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాపుకు బాగా పనిచేస్తాయి. కానీ కిడ్నీ, కడుపులో పుండు, గుండె జబ్బు, బి.పి. ఉన్నవాళ్ళకు అవి చేటు చేయవచ్చు. డాక్టరు రాస్తేనే, అన్నం తిన్నాకే వేసుకోవాలి. నొప్పి కోసమని కొత్తగా ఆస్పిరిన్ వేసుకోకండి, రక్తం కారుతుంది. యాంటీబయాటిక్ అందరికీ అవసరం ఉండదు, రాస్తే మాత్రం మధ్యలో ఆపవద్దు.

ఇంట్లో ఉన్నవన్నీ పుండుకు పూయవద్దని కూడా మనవి. లవంగ నూనె పంటికి మంచిదే గానీ పచ్చిపుండు మీద పడితే కాలుస్తుంది. సున్నం, కాఫీ పొడి, పసుపు ముద్ద, తమలపాకు పసరు, ఏవీ వద్దు. ఇక బీడీ, చుట్ట, ఖైనీ, వక్క గురించి ఎంత చెప్పినా తక్కువే. పుండు మానేదాకా ఎలాగూ ముట్టకూడదు. వారం మానగలిగినవాడు ఇంకో వారం మానగలడు. నా అనుభవంలో చాలామంది పొగాకు మానింది ఇలాంటి వారంలోనే.

ఎప్పుడు వెనక్కి వెళ్ళాలి

నొప్పి రెండు మూడు రోజులుండి క్రమంగా తగ్గాలి. అలా కాకుండా మూడో రోజు తర్వాత పెరుగుతూ పోయినా, 100.4 డిగ్రీలు దాటి జ్వరం వచ్చినా, దుర్వాసనతో చీము కారినా, వాపు పెరిగినా, మర్నాటికి కూడా తిమ్మిరి వదలకపోయినా డాక్టరు దగ్గరకు తిరిగి వెళ్ళండి. అరగంట అదిమి పట్టినా రక్తం ఆగకపోయినా, ఊపిరికి గానీ మింగడానికి గానీ కష్టమైనా అది అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారనివ్వకండి. కావలికో నెల్లూరుకో, ఏది ముందు చేరగలిగితే అక్కడికి వెళ్ళాలి. వచ్చేటప్పుడే ఆసుపత్రి ఫోను నంబరు రాయించుకుని, మెడికల్ కార్డుతో పాటు ఒకే చోట పెట్టుకోండి. ఒంటరిగా ఉన్నవాళ్ళు మొదటి రాత్రి పక్క క్వార్టరు వాళ్ళకైనా చెప్పి పడుకోండి.

రిపోర్టు

కొన్నిచోట్ల ముక్కను చిన్న సీసాలో వేసి ల్యాబుకు మీరే తీసుకెళ్ళమంటారు. అందులో ఉన్నది నీళ్ళు కాదు, ఫార్మలిన్. పారబోయకూడదు, నీళ్ళు కలపకూడదు, పిల్లలకు అందనివ్వకూడదు. సీసా మీద పేరు, వయసు, ముక్క తీసిన చోటు రాసి ఉన్నాయో లేదో చూసుకోండి.

రిపోర్టు రావడానికి సాధారణంగా వారం, పది రోజులు. సరిగ్గా అప్పటికే మీ నొప్పి పోయి ఉంటుంది. పోయింది కత్తి గాటు నొప్పి. ముక్క ఎందుకు తీశారో ఆ సంగతి ఇంకా తేలలేదు. నోటి క్యాన్సర్ తొలిరోజుల్లో తరచుగా నొప్పే పెట్టదు. కాబట్టి నొప్పి లేకపోవడాన్ని రిపోర్టుగా చదువుకోకండి. చాలామందికి క్యాన్సర్ లేదనే వస్తుంది. కొందరికి క్యాన్సర్ కాదు గానీ కణాల్లో మార్పు మొదలైందని వస్తుంది, వాళ్ళు అలవాటు మాని, చెప్పిన గడువుకల్లా చూపించుకుంటూ ఉండాలి. క్యాన్సరే అని వస్తే, మనం దాన్ని దొరకబుచ్చుకున్నామని అర్థం. ఏమీ లేదని వచ్చినా పుండు మానకపోతే మళ్ళీ వెళ్ళండి, ఒక్కోసారి రెండోసారి ముక్క తీయవలసి వస్తుంది.

ఒక చిన్న పని చెబుతాను. ముక్క తీసిన రోజే ఇంటి క్యాలెండరులో పదో రోజు చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. ఆయన మరిచిపోతే ఆమె గుర్తు చేయాలి, ఆమె మరిచిపోతే ఆయన గుర్తు చేయాలి. ఇద్దరూ మరిచిపోతే మన సంఘం ఉంది.

రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, గోకినా పోని తెల్లమచ్చ, ఎర్రమచ్చ, నోరు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకోకపోవడం, కారణం లేకుండా పన్ను కదలడం, వీటిలో ఏది ఉన్నా ఈ వారంలోనే చూపించుకోండి. ముక్క తీయాలంటే సరే అనండి. ఆ తర్వాత వారం రోజులు ఎలా గడపాలో ఇప్పుడు మీకు తెలుసు.

అడగదలచినవి ఏమైనా ఉంటే టీ విరామంలో అడగండి. నలుగురిలో అడగడానికి మొహమాటమైతే నన్ను పక్కకు పిలవండి.